చో బోంగామ్‌ను ఉరికంబం ఎక్కించిన ఓట్లు

1956 మే 15న దక్షిణ కొరియాలో జరిగిన అధ్యక్ష ఎన్నికలో అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న సింగ్‌మన్ రీకి 50,46,437 ఓట్లు, ఆయన మీద పోటీ చేసిన చో బోంగామ్‌కు 21,63,808 ఓట్లు వచ్చినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత మూడేళ్లు దాటి రెండు నెలలకు, 1959 జూలై 31 ఉదయం, ఉత్తర కొరియా గూఢచారి అన్న నేరం మోపి అదే చో బోంగామ్‌ను సియోల్‌లోని సొడేమున్ జైలులో ఉరితీశారు. ఈ రెండు తేదీల మధ్య ఆయన చేసిన నేరమేమిటని వెతికినకొద్దీ నాకు ఆ ఓట్లు తప్ప మరేమీ కనబడలేదు. అర్ధ శతాబ్దం దాటాక, 2011 జనవరి 20న, ఆయనకు మరణశిక్షను ఖాయం చేసిన సుప్రీంకోర్టే ఆయన గూఢచారి కాడని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలోని కొరియా గురించి మన భాషలో చదవడానికి దొరికేది చాలా తక్కువ. ఉన్నంతలో యుద్ధం కథ ఉంటుంది, ఉత్తరాన కిమ్ ఇల్-సుంగ్, దక్షిణాన సింగ్‌మన్ రీ ఉంటారు. వారిద్దరూ కాక మరో దారి ఉందని నమ్మి, ఆ దారిలో జనాన్ని కూడగట్టిన మనుషులు కూడా అక్కడ ఉండేవారు. యో ఉన్-హ్యాంగ్‌ను 1947 జూలైలో సియోల్ నడివీధిలో కాల్చి చంపారు. కిమ్ కూను 1949 జూన్‌లో ఆయన ఇంట్లోనే ఒక సైనికాధికారి కాల్చి చంపాడు. చో బోంగామ్‌ను తుపాకీతో చంపలేదు. న్యాయస్థానం ద్వారా, మూడంచెల విచారణ ముగిశాక, చట్టం పేరు మీద చంపారు. అందుకే మిగతా ఇద్దరి కథల కంటే ఈయన కథ నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం ముగింపు సంవత్సరాల్లో, సియోల్‌కు పడమటన సముద్రపు ఒడ్డునున్న గంఘ్వా ద్వీపంలో, పేద కుటుంబంలో ఆయన పుట్టారు. చదువు కొద్దిపాటిదే. స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో చిన్న గుమాస్తాగా పనిచేశారు. జపాను పాలనకు వ్యతిరేకంగా 1919 మార్చి 1న మొదలైన స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని ఏడాది జైలులో ఉన్నారు. ఆయనను రాజకీయాల్లోకి తెచ్చింది ఆ జైలే. తర్వాత జపానులో కొంతకాలం, మాస్కోలో తూర్పు దేశాల శ్రామికుల కోసం నడిపిన కమ్యూనిస్టు విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివారు. 1925 ఏప్రిల్ 17న సియోల్‌లోని అసోవన్ అనే చైనా భోజనశాలలో రహస్యంగా కలుసుకుని కొరియా కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవారిలో ఆయన ఒకరు, పాక్ హన్-యంగ్ మరొకరు. ఈ ఇద్దరి జీవితాలు చివరిదాకా ఒకదానికొకటి అద్దం పట్టినట్టే సాగాయి కనుక పాక్ పేరును ఇక్కడే గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను.

షాంఘైలోని అజ్ఞాతవాసాన్ని నేను వివరంగా రాయబోవడం లేదు. 1932లో జపాను పోలీసులు ఆయనను అక్కడ పట్టుకుని, యాలూ నది ఒడ్డున, చైనా సరిహద్దులో ఉన్న సినుయిజు జైలుకు పంపారు. దాదాపు ఏడేళ్లు అక్కడే గడిచాయి. ఆ ప్రాంతపు చలికాలం ఎంత క్రూరమైనదంటే, మంచుకాటు తగిలి ఆయన చేతి వేళ్లలో కొన్నింటి చివర్లు పోయాయి. విడుదలయ్యాక ఇంచాన్ ఓడరేవు పట్టణంలో స్థిరపడ్డారు. యుద్ధం ముగింపుకు వస్తున్న 1945 ఆరంభంలో జపాను సైనిక పోలీసులు ఆయనను మళ్లీ అరెస్టు చేశారు. ఆగస్టు 15న దేశానికి విముక్తి వచ్చిన రోజునే ఆయనకూ జైలు నుంచి విముక్తి దొరికింది.

విముక్తి తర్వాత ఏడాది తిరగకముందే ఆయన కమ్యూనిస్టు పార్టీతో తెగతెంపులు చేసుకున్నారు. పార్టీని నడుపుతున్న తీరును, ముఠాతత్వాన్ని, పై నుంచి వచ్చిన ఆదేశానికి తలవంచే అలవాటును తప్పుపడుతూ ఆయన పాక్ హన్-యంగ్‌కు ఒక లేఖ రాసుకున్నారు. అప్పుడు దక్షిణాదిని పాలిస్తున్న అమెరికా సైన్యపు నిఘా విభాగం సోదాలో ఆ లేఖ దొరికింది. 1946 మేలో, రాసినవాడి అనుమతి లేకుండానే, అది పత్రికల్లో అచ్చయింది. తర్వాతి నెలలో ఆయన బాహాటంగానే ప్రకటన చేశారు: శ్రామికవర్గ నియంతృత్వమూ వద్దు, పెట్టుబడి నియంతృత్వమూ వద్దు అని. అమెరికన్ల ఒత్తిడికి లొంగి ఆ ప్రకటన చేశారని అప్పటి సహచరులు నిందించారు. ఒత్తిడి ఉన్నమాట నిజమే కావచ్చు. కానీ ఆ తర్వాతి పదమూడేళ్లూ, ప్రాణం పోయేదాకా, ఆయన ఆ మాట మీదే నిలబడ్డారు. ఒత్తిడికి లొంగి పలికిన మాట మీద మనిషి అంతకాలం నిలబడడు.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన చిన్న విషయం ఒకటుంది. 1948 మే 10న దక్షిణాన జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికను పర్యవేక్షించడానికి ఐక్యరాజ్య సమితి పంపిన తాత్కాలిక కమిషన్‌కు భారత దౌత్యవేత్త కె.పి.ఎస్. మీనన్ అధ్యక్షత వహించారు. ఒక్క దక్షిణాన మాత్రమే ఎన్నిక జరిపితే దేశం శాశ్వతంగా రెండు ముక్కలవుతుందని మధ్యేవాదుల్లోనూ వామపక్షీయుల్లోనూ అత్యధికులు ఆ ఎన్నికను బహిష్కరించారు. కిమ్ కూ వంటి గొప్ప జాతీయవాది కూడా బహిష్కరించారు. చో బోంగామ్ మాత్రం ఇంచాన్ నుంచి పోటీ చేసి గెలిచి, రాజ్యాంగాన్ని రాసిన సభలో సభ్యులయ్యారు. బయట నిలబడి విలపించడం కంటే లోపలికి వెళ్లి చేయగలిగింది చేయాలన్నది ఆయన లెక్క. ఆ లెక్క సరైనదేనని ఆ తర్వాతి ఆరు నెలలు నిరూపించాయి.

1948 ఆగస్టులో ఏర్పడిన తొలి మంత్రివర్గంలో రీ ఆయనకు వ్యవసాయ శాఖ ఇచ్చారు. కరుడుగట్టిన కమ్యూనిస్టు వ్యతిరేకి అయిన రీ, పాత కమ్యూనిస్టును పిలిచి మరీ మంత్రిని చేయడం వెనుక ఉన్నది ఔదార్యం కాదు. తనను గద్దెనెక్కించిన కొరియా డెమోక్రటిక్ పార్టీ భూస్వాముల పార్టీ. దాని బలాన్ని తగ్గించాలంటే దాని కాళ్ల కింది నేలనే లాగేయాలి. ఆ పనికి ధైర్యమున్న మనిషి రీకి కావలసి వచ్చాడు.

ఆనాటి కొరియా పల్లెల్లో సగానికి సగం పంటను కౌలు కింద భూస్వామికి కొలిచి ఇచ్చే రైతులే ఎక్కువ. అవే సంవత్సరాల్లో తెలంగాణలో దున్నేవాడికే భూమి కావాలని సాగిన పోరాటం గురించి ఇంట్లో పెద్దల నోట విన్నవారికి ఆ పరిస్థితిని నేను విడమరచి చెప్పనక్కరలేదు. పైగా ఉత్తర కొరియాలో 1946 మార్చిలోనే భూస్వాముల నుంచి భూమి లాక్కుని రైతులకు ఉచితంగా పంచేశారు. ఆ వార్త దక్షిణాది పల్లెలన్నింటికీ చేరింది. దక్షిణాది ప్రభుత్వం భూమి పంచకపోతే అక్కడి రైతు ఎటువైపు చూస్తాడో ఊహించడం కష్టం కాదు. చో మంత్రిగా ఉన్న ఆరు నెలల్లోనే ఆయన శాఖ భూసంస్కరణ ముసాయిదాను సిద్ధం చేసింది. భూస్వామికి ఏడాది దిగుబడిలో 150 శాతం విలువను పరిహారంగా ప్రభుత్వం చెల్లిస్తుంది, రైతు దగ్గర మాత్రం 120 శాతమే, అదీ వాయిదాల మీద వసూలు చేస్తుంది, మధ్యలోని తేడాను ప్రభుత్వమే భరిస్తుంది. రైతు పక్షాన నిలబడి రాసిన ముసాయిదా అది.

భూస్వాముల పార్టీ ఊరుకోలేదు. మంత్రి నివాసం మరమ్మతులకు ప్రభుత్వ సొమ్ము వాడారన్న ఆరోపణ పైకి లేచింది. 1949 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. తర్వాత కోర్టు ఆయనను నిర్దోషిగా తేల్చింది, కానీ అప్పటికే పదవి పోయింది. 1949 జూన్‌లో సభ ఆమోదించి, 1950 మార్చిలో సవరించిన చట్టంలో రైతు చెల్లించవలసింది కూడా 150 శాతమే అయింది. ఒక కుటుంబానికి మూడు జంగ్‌బోల పరిమితి పెట్టారు. అంటే సుమారు మూడు హెక్టార్లు, మన లెక్కలో ఏడెకరాల పైచిలుకు. చో కోరినంత మేలు రైతుకు దక్కలేదు. అయినా పంపిణీ 1950 వసంతంలో, జూన్ 25న యుద్ధం విరుచుకుపడక ముందే మొదలైంది. భూస్వాములకిచ్చిన పరిహార బాండ్ల విలువను యుద్ధకాలపు ద్రవ్యోల్బణం కరిగించివేసింది. కొన్ని శతాబ్దాలుగా పల్లెను ఏలిన ఒక వర్గం కొద్ది ఏళ్లలో చరిత్ర నుంచి తప్పుకుంది. ఉత్తరాది సైన్యం దక్షిణాన్ని దాదాపు మొత్తం ఆక్రమించినా అక్కడి రైతులు మూకుమ్మడిగా వారి వెంట నడవకపోవడానికి ఇదొక ముఖ్య కారణమని చాలామంది చరిత్రకారులు అంటారు. దక్షిణ కొరియా ఆ తర్వాత సాధించిన చదువుకూ సంపదకూ పునాది కూడా ఇక్కడే పడిందని అంటారు. నాకు ఆ వాదన సబబుగా తోస్తుంది. భూసంస్కరణ ఘనత మొత్తం ఒక్క చోదేనని నేను అనను. అమెరికా సైనిక ప్రభుత్వం 1948 వసంతంలోనే జపానీయుల నుంచి స్వాధీనం చేసుకున్న భూముల్ని కౌలుదార్లకు అమ్మడం మొదలుపెట్టింది, రీ కూడా పట్టుబట్టి పంపిణీని నడిపించారు. కానీ కొత్త రాజ్యం దానిని తన మొదటి పనుల్లో ఒకటిగా తలకెత్తుకునేలా చేసినవారు చో బోంగామే. కమ్యూనిజానికి పల్లెల్లో చోటు లేకుండా చేసిన చట్టానికి తొలి రూపం ఇచ్చిన మనిషిని పదేళ్లకు కమ్యూనిస్టు గూఢచారి అని ఉరితీశారు.

1950 మే ఎన్నికలో ఆయన మళ్లీ గెలిచి డిప్యూటీ స్పీకరయ్యారు. స్పీకర్ షిన్ ఇక్-హీ. ఆ పేరు మళ్లీ వస్తుంది. ఎన్నిక ముగిసిన నెలలోపే యుద్ధం మొదలైంది. సియోల్ పడిపోయింది. ఆ యుద్ధంలో ఆయన భార్య కిమ్ జో-ఇని ఉత్తరాదివారు ఎత్తుకుపోయారు. ఆమె మళ్లీ తిరిగి రాలేదు. తర్వాత న్యాయస్థానంలో ఆయనను ఉత్తరాది మనిషి అని నిలబెట్టినప్పుడు ఈ ఒక్క విషయమైనా ఎవరికైనా గుర్తొచ్చిందా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

1952లో, యుద్ధం ఇంకా సాగుతుండగానే, తాత్కాలిక రాజధాని పూసాన్‌లో రీ సైనిక శాసనం విధించి, శాసనసభ్యులను అరెస్టు చేయించి, అధ్యక్షుడిని ప్రజలే నేరుగా ఎన్నుకునేలా రాజ్యాంగాన్ని మార్పించుకున్నారు. ఆగస్టులో జరిగిన ఆ ఎన్నికలో ఆయన మీద నిలబడటానికి సాహసించినవారిలో చో ఒకరు. రీకి 52 లక్షలకు పైగా, చోకు 7,97,504 ఓట్లు వచ్చాయి. ఆయనది రెండో స్థానం. గెలుపు మాట అటుంచి, ఆ వాతావరణంలో నామినేషన్ వేయడమే పెద్ద సాహసం. 1954 శాసనసభ ఎన్నికలో ఆయన అభ్యర్థిగా నమోదు కాకుండానే అడ్డుకున్నారు. అదే ఏడాది నవంబరులో, తొలి అధ్యక్షుడికి పదవీకాల పరిమితి వర్తించకుండా రాజ్యాంగాన్ని సవరించే ప్రయత్నం జరిగింది. 203 మంది సభలో మూడింట రెండు వంతులంటే 135.33, కాబట్టి 136 మంది కావాలి. పడినవి 135. సవరణ వీగిపోయిందని మొదట ప్రకటించారు. రెండు రోజుల తర్వాత, సగానికి తక్కువైన భిన్నాన్ని వదిలేయాలన్న అంకగణిత సూత్రాన్ని తెచ్చి, 135 చాలునని, సవరణ నెగ్గిందని ప్రకటించారు.

ఈ అన్యాయం ప్రతిపక్షాలన్నింటినీ ఒక్కతాటి మీదకు తేవలసింది. 1955లో కొత్త డెమోక్రటిక్ పార్టీ కోసం అందరూ కూర్చున్నప్పుడు చో కూడా చేరడానికి సిద్ధపడ్డారు. పాత భూస్వాముల పార్టీ నుంచి వచ్చిన పెద్దలు ఆయన కమ్యూనిస్టు గతాన్ని చూపించి తలుపు మూశారు. ఆయనను చేర్చుకోవాలని వాదించినవారు ఓడిపోయారు. సెప్టెంబరులో ఆయన లేకుండానే ఆ పార్టీ పుట్టింది. చో పతనం మొదలైంది ఇక్కడేనని నా అభిప్రాయం. రీ ఆయనకు శత్రువన్నది అందరికీ తెలుసు, కానీ ఆ శత్రువు చేయి చేసుకున్న రోజున అడ్డుపడవలసినవారు ఆయనను ముందే వేరుచేసి పెట్టారు.

ఇక 1956. డెమోక్రటిక్ పార్టీ తరఫున షిన్ ఇక్-హీ నిలబడ్డారు. బతకలేకపోతున్నాం, మార్చేద్దాం అన్న ఆ పార్టీ నినాదం పల్లెపల్లెకూ పాకింది. మే 3న సియోల్‌లో హాన్ నది ఇసుకతిన్నెల మీద షిన్ సభకు లక్షల్లో జనం వచ్చారు. రీకి అప్పటికి ఎనభై ఏళ్లు దాటాయి. ప్రతిపక్షం తరఫున ఒక్కరే మిగలాలని చో, షిన్‌ల మధ్య మంతనాలు నడిచాయి, చో తప్పుకోవడానికి మొగ్గుచూపారు కూడా. మే 5 తెల్లవారుజామున, దక్షిణాదిన హోనాం ప్రాంతానికి వెళ్తున్న రైల్లో షిన్ హఠాత్తుగా చనిపోయారు. పోలింగ్‌కు పది రోజులే ఉంది.

ఆ పది రోజుల్లో డెమోక్రటిక్ పార్టీ చేసిన పనిని నేను క్షమించలేకపోతున్నాను. రీ మీద ఒకే ఒక్క అభ్యర్థి మిగిలినప్పుడు ఆయనను బలపరచకపోగా, చోకు ఓటేయవద్దని సూచనగా చెబుతూ, ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న తమ చాంగ్ మ్యాన్ మీదే దృష్టి పెట్టింది. అదే సమయంలో చో పక్షపు ఉపాధ్యక్ష అభ్యర్థి చాంగ్ మ్యాన్ కోసం పోటీ నుంచి తప్పుకున్నారు. ఒక వైపు నుంచి అంత ఉదారత, మరో వైపు నుంచి అంత లోభం. చో ప్రచార బృందాల మీద దాడులు జరిగాయి. చివరి రోజుల్లో ప్రాణభయంతో ఆయన దాక్కోవలసి వచ్చింది. బయట తిరగలేని, సభ పెట్టలేని, ఏ పెద్ద పార్టీ అండా లేని ఆ అభ్యర్థికి 21 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. తేగు నగరంలో ఆయన రీ కంటే ఎంతో ముందున్నారు. చనిపోయిన షిన్‌కు నివాళిగా చెల్లని ఓటేసినవారు దేశమంతటా 18 లక్షల పైచిలుకు, సియోల్‌లోనైతే ఆ చెల్లని ఓట్లు రీకి పడ్డ ఓట్లనే మించిపోయాయి. సైనిక శిబిరాలు నిండిన కాంగ్వన్ రాష్ట్రంలో మాత్రం రీకి ఏకపక్షంగా ఓట్లు వచ్చాయి. ఓటింగులో గెలిచి కౌంటింగులో ఓడిపోయారన్న మాట చో గురించి అప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది. అది ఎంతవరకు నిజమన్నది తేల్చనక్కరలేదు, ప్రకటించిన అంకెలే సరిపోతాయి. నాలుగేళ్లలో ఆయన ఓట్లు దాదాపు మూడు రెట్లయ్యాయి. ఉపాధ్యక్ష పదవి రీ మనిషి లీ కి-బూంగ్‌కు దక్కకుండా చాంగ్ మ్యాన్‌కు దక్కింది. తర్వాతి ఎన్నిక 1960లో. అప్పటికి రీకి ఎనభై అయిదేళ్లు వస్తాయి. అధికార పక్షం ఈ లెక్క వేసుకోకుండా ఉండదు.

ఆ ఓట్ల బలంతో 1956 నవంబరు 10న చో ప్రోగ్రెసివ్ పార్టీని స్థాపించారు. దాని కార్యక్రమంలో రెండు విషయాలు ప్రధానమైనవి. యుద్ధం వల్ల, దోపిడీ వల్ల నష్టపోయిన సామాన్యులందరూ కలిసి తమ బతుకు బాగుచేసుకునే రాజకీయం ఒకటి. ఉత్తర, దక్షిణాలను యుద్ధం లేకుండా శాంతియుతంగా కలపడం రెండోది. 1953 జూలైలో యుద్ధవిరమణ ఒప్పందం మీద సంతకం చేయడానికి కూడా ఒప్పుకోని రీకి ఉత్తరాది మీద దండెత్తి కలుపుకోవడమే ప్రకటిత విధానం. అలాంటి రాజ్యంలో శాంతియుత ఏకీకరణ అన్న మాటే ద్రోహంగా వినిపించేది. కానీ ఇంటింటా ఒకరిని యుద్ధంలో పోగొట్టుకున్న జనం ఆ మాటను వేరేగా విన్నారు.

1958 మే నెలలో శాసనసభ ఎన్నికలు ఉండగా, జనవరిలో ప్రోగ్రెసివ్ పార్టీ నాయకుల అరెస్టులు మొదలయ్యాయి. చో తనంతట తానే పోలీసుల ముందుకు వచ్చారు. తీర్పు మాట దేవుడెరుగు, విచారణ కూడా మొదలుకాకముందే, ఫిబ్రవరి 25న ప్రభుత్వం పార్టీ నమోదును రద్దు చేసింది. మొదట శాంతియుత ఏకీకరణ నినాదమే నేరమన్నారు. అది నిలబడేలా లేదని తోచాక సైన్యపు గూఢచార నిరోధక విభాగం యాంగ్ మ్యంగ్-సాన్ అనే వ్యాపారిని తెరమీదికి తెచ్చింది. షాంఘై రోజుల నుంచి చోకు పరిచయమున్న మనిషి, దక్షిణాది సైనిక నిఘా వర్గాల ఎరుకలోనే ఉత్తరాదితో సరుకుల వ్యాపారం చేసేవాడు. చోకు అతను ఇచ్చిన డబ్బు ఉత్తరాది నుంచి వచ్చిందేనని అతని చేతే చెప్పించారు. పౌరులను విచారించే అధికారమే లేని సైనిక విభాగం, అతనిని చట్టవిరుద్ధంగా నిర్బంధించి రాబట్టిన మాట అది. మొత్తం గూఢచర్యం కేసు నిలబడింది ఆ ఒక్కడి నోటి మాట మీదే.

1958 జూలై 2న తొలి తీర్పు వచ్చింది. న్యాయమూర్తి యూ బ్యంగ్-జిన్ గూఢచర్యం నేరాన్ని అంగీకరించలేదు. ఇతర అభియోగాల మీద చోకు అయిదేళ్ల జైలు శిక్ష వేసి, మిగతా పార్టీ నాయకులను నిర్దోషులుగా వదిలేశారు. మూడు రోజుల తర్వాత, కమ్యూనిస్టు వ్యతిరేక యువకులమని చెప్పుకునే గుంపు కోర్టు ఆవరణలోకి చొరబడి, ఆ న్యాయమూర్తిని శిక్షించాలని, చోను ఉరితీయాలని అరుస్తూ విధ్వంసం చేసింది. అప్పీలు విచారణలో యాంగ్ ఎదురుతిరిగాడు. సైనిక విభాగం బెదిరించి, ఆశపెట్టి తన చేత అబద్ధం చెప్పించిందని నిండు కోర్టులో చెప్పాడు. కేసుకు ఉన్న ఒకే ఒక్క ఆధారం అలా తనంతట తానే కూలిపోయింది. అక్టోబరు 25న హైకోర్టు ఆ మాటను తోసిపుచ్చి, మొదటి వాంగ్మూలాన్నే నమ్మి, చోకూ యాంగ్‌కూ మరణశిక్ష విధించింది. 1959 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు చో మరణశిక్షను ఖాయం చేసింది. తొలి తీర్పు ఇచ్చిన యూ బ్యంగ్-జిన్‌కు న్యాయమూర్తిగా మళ్లీ నియామకం దక్కలేదు. ఆ దేశపు న్యాయ చరిత్రలో ఆయన పేరు ఇంకా గౌరవంగా తలుచుకోవలసిన పేరని నేను అనుకుంటాను, ఎందుకంటే ఆ కేసు మొత్తంలో ఒత్తిడికి లొంగకుండా సాక్ష్యాన్ని సాక్ష్యంగా చూసిన న్యాయమూర్తి ఆయన.

పునర్విచారణ కోరుతూ చో వేసిన దరఖాస్తును జూలై 30న కొట్టేశారు. మరుసటి రోజు ఉదయం పదకొండు గంటలకు ఉరితీశారు. మళ్లీ దరఖాస్తు వేసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఎక్కువమంది సమానంగా బాగా బతకాలని రాజకీయం చేయడమే తన నేరమని, తన చావు వృథా కాకుండా దేశపు ప్రజాస్వామ్యానికి ఉపయోగపడితే చాలునని చివరలో ఆయన చెప్పినట్లు నమోదైంది. సియోల్ తూర్పు శివార్లలోని మాంగూరి శ్మశానంలో, నిఘా నీడలో, కుటుంబం ఆయనను పాతిపెట్టింది. సమాధి రాయి వెనుక వైపు, మామూలుగా జీవిత వివరాలు చెక్కే చోట, ఏమీ రాయించలేదు.

పాక్ హన్-యంగ్ ఉత్తరాదికి వెళ్లి అక్కడ విదేశాంగ మంత్రి వరకు ఎదిగి, అమెరికా గూఢచారి అన్న అభియోగం మీద 1955 డిసెంబరులో మరణశిక్షకు గురయ్యారు. 1925లో ఒకే భోజనశాలలో కూర్చున్న ఇద్దరిలో ఒకరిని ప్యాంగ్యాంగ్ అమెరికా మనిషన్నది, మరొకరిని సియోల్ ప్యాంగ్యాంగ్ మనిషన్నది. పాలకుల భయాలు సరిహద్దుకు రెండు వైపులా ఒకే తీరుగా పనిచేశాయి.

1960 ఫిబ్రవరిలో, అధ్యక్ష ఎన్నికకు నెల రోజుల ముందు, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి చో బ్యంగ్-ఓక్ అమెరికా ఆసుపత్రిలో చనిపోయారు. నాలుగేళ్ల క్రితం జరిగిందే మళ్లీ జరిగింది. అయితే ఈసారి రీకి ఎదురుగా బ్యాలెట్ పత్రం మీద ఇంకో పేరు లేదు. 1956లో రీ వద్దనుకున్నవారికి ఓటు రూపంలో ఒక మార్గం దొరికింది. 1960లో ఆ మార్గం మూసుకుపోయింది. మార్చి 15న ఉపాధ్యక్ష పదవి కోసం జరిగిన బాహాటపు రిగ్గింగ్ మీద మసాన్ నగరంలో మొదలైన ఆగ్రహం ఏప్రిల్ 19న సియోల్ వీధులను ముంచెత్తింది, పోలీసు కాల్పుల్లో వందకు పైగా ప్రాణాలు పోయాయి, ఏప్రిల్ 26న రీ రాజీనామా ప్రకటించారు. చోను ఉరితీసి అప్పటికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. రీ వెళ్లిపోయాక డెమోక్రటిక్ పార్టీయే అధికారంలోకి వచ్చింది, చాంగ్ మ్యానే ప్రధాని అయ్యారు. ఆ ప్రభుత్వం కూడా చో పేరు మీది మచ్చను తుడవలేదు. 1961 మేలో పాక్ చుంగ్-హీ సైనిక కుట్ర జరిగాక ఆయన పేరు ఎత్తడమే ప్రమాదమైంది.

చో పెద్ద కూతురు దశాబ్దాలు పోరాడింది. 2007లో, గత ప్రభుత్వాల అన్యాయాలను విచారించే సత్య, సయోధ్యల కమిషన్ ఈ కేసును ప్రభుత్వపు రాజకీయ అణచివేతగా తేల్చి, కుటుంబానికి క్షమాపణ చెప్పాలని, పునర్విచారణ జరపాలని సిఫార్సు చేసింది. 2010లో సుప్రీంకోర్టు పునర్విచారణకు ఒప్పుకుంది. 2011 జనవరిలో పదమూడుమంది న్యాయమూర్తులూ ఏకమై, యాంగ్ వాంగ్మూలం చట్టవిరుద్ధంగా సేకరించినదని, నమ్మదగినది కాదని, ప్రోగ్రెసివ్ పార్టీ రాజ్యాంగానికి విరుద్ధమైన సంస్థ కాదని చెప్పారు. అనుమతి లేని పిస్తోలు దగ్గర ఉంచుకున్నారన్న చిన్న నేరం ఒక్కటే మిగిలింది, దానికీ శిక్ష ప్రకటించలేదు.

అయినా స్వాతంత్ర్యయోధుడిగా ప్రభుత్వ గౌరవం ఇవ్వాలన్న కుటుంబపు విన్నపం నెరవేరలేదు. 1941 డిసెంబరులో జపాను ప్రభుత్వ అనుకూల పత్రికలో, ఇంచాన్ వాసి చో బోంగామ్ సైన్యానికి 150 వాన్లు (కొరియా నాణెం) విరాళం ఇచ్చినట్లు ఒక చిన్న వార్త అచ్చయింది. అధికారులు దాన్నే అడ్డంకిగా చూపుతున్నారు. ఆ రోజుల్లో ఆయన ఇంచాన్‌లో బియ్యపు తవుడు సరఫరా చేసే సంఘంలో పనిచేస్తూ, జైలు నుంచి వచ్చిన మనిషిగా పోలీసుల కళ్లెదుటే బతుకుతున్నారు. అలాంటి మనిషి పేరు మీద అచ్చయిన ఆ వార్త నిజమే అయినా, అది ఇష్టంతో ఇచ్చిన విరాళమని నేను అనుకోను. సినుయిజులో వేళ్లు పోగొట్టుకున్న ఏడేళ్లను ఒక పళ్లెంలో, రెండు వాక్యాల పత్రికా వార్తను ఇంకో పళ్లెంలో పెట్టి రెండోదే బరువని తూచే అధికారులు తమ నిర్ణయాన్ని మార్చుకోవాలి. రాజ్యం చేతిలో ఒకసారి ప్రాణం పోగొట్టుకున్న ఆ మనిషికి ఆ మాత్రం గౌరవం ఇవ్వడానికి ఇంకా ఆలస్యం చేయకూడదు.